పబ్లిక్ ల్యాండ్‌లో విల్లుతో వైట్‌టెయిల్ వేట: 11 రోజులు కూర్చున్నా జింక ఎందుకు కనపడలేదు?

మీ ప్రశ్న ఇది. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటున్నారు, హెచ్-1బి మీద. కాంపౌండ్ విల్లు (కప్పీలుండే విల్లు) కొని ఏడాదిన్నర అయింది. టార్గెట్ మీద 40 గజాలకు కూడా బాణాలు గుప్పెడు చోటులో పడుతున్నాయి. ఈ సీజన్లో వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో (ప్రభుత్వ అడవి, అంటే పబ్లిక్ ల్యాండ్) ఒకే చోట 11 రోజులు కూర్చున్నారు. పార్కింగ్ నుంచి 400 గజాల దూరం, గట్టు మీద. చెట్లకు కొమ్ములు రాసిన గుర్తులు, నేల మీద గిట్టలతో గీకిన మచ్చలు బోలెడు. అయినా ఒక్క వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) కూడా కనపడలేదు. ఎక్కడ తప్పు జరిగింది, వీసాతో ఏమైనా ఇబ్బంది ఉందా, 40 గజాల నుంచి కొట్టొచ్చా అని అడిగారు.

నేను అదే అడవిలో 12 సీజన్లుగా తిరుగుతున్నాను. మొదటి రెండేళ్ళు మీలాగే ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను, కాబట్టి మీ టెన్షన్ తెలుసు.

వీసా సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికా ఫెడరల్ చట్టంలో విల్లు ఫైర్‌ఆర్మ్ కిందకు రాదు. వీసా మీద ఉన్నవాళ్ళకు తుపాకుల విషయంలో ఉన్న నిషేధం విల్లుకు వర్తించదు. (వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకు ఆ నిషేధంలో ఒక మినహాయింపు ఉంది కానీ, తుపాకీ ఆలోచన వస్తే మాత్రం ముందు లాయర్‌తో మాట్లాడండి, నా మాట మీద వెళ్ళకండి.) ఒహాయోలో 6 నెలలు నివాసం ఉంటే రెసిడెంట్ ధరకే లైసెన్స్ ఇస్తారు. లైసెన్స్ ఒకటి, దాని మీద జింకకు పర్మిట్ వేరే. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు మీరు చేసేశారనుకుంటున్నాను. మనలాంటి వాళ్ళు మాత్రం రూల్ బుక్‌ను రెండుసార్లు చదవాలి. ఒక రాష్ట్రంలో లైసెన్స్ సస్పెండ్ అయితే రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల మిగతా చోట్లా చెల్లకుండా పోవచ్చు. పైగా కోర్టు కేసు అంటూ ఒకటి పడితే రేపు గ్రీన్‌కార్డు ఫారంలో రాయాల్సి వస్తుంది. జింక కోసం అంత రిస్క్ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. మీరు జింకలు తిరిగే చోటు పట్టుకున్నారు, అవి ఏ వేళకు తిరుగుతాయో పట్టుకోలేదు. ఆ గట్టు మీద గుర్తులన్నీ దాదాపుగా రాత్రిపూట పడినవే. పార్కింగ్ నుంచి 400 గజాలు అంటే, కారు తలుపు చప్పుడు వినిపించే దూరం. అక్కడి జింకలు ఏటా సెప్టెంబరు నుంచి ఆ చప్పుడు వింటూ పెరిగినవే. పొద్దు పొడిచే వేళకు ఆ గట్టు దిగి, ఎవరూ అడుగు పెట్టని చోటికి వెళ్ళి పడుకుంటాయి. మళ్ళీ చీకటి పడ్డాక వస్తాయి. వేట వేళలు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. మీరు ఆ వేళల్లో ఖాళీ ఇంటికి కాపలా కాశారు.

నాకు మూడో ఏడాదికి అర్థమైన సంగతి ఇదే: పబ్లిక్ ల్యాండ్‌లో ముందు వెతకాల్సింది జింకల జాడ కాదు, మనుషుల జాడ.

సీజన్ అయ్యాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అడవంతా తిరిగాను. ఆకులు ఉండవు, అంతా బట్టబయలు. ఆ నడకలో నేను రాసుకున్నది మనుషుల గుర్తులు. కొమ్మలకు కట్టిన గులాబీ రంగు రిబ్బన్లు, చీకట్లో దారి కోసం చెట్లకు గుచ్చిన మెరిసే పిన్నులు, బాణానికి అడ్డం రాకుండా నరికిన కొమ్మలు, చెట్టుకు కట్టి కూర్చునే స్టాండ్లు వదిలేసి పోయినవి, చాక్లెట్ కాగితాలు, ఒకచోట బీరు డబ్బా కూడా. ప్రతిదానికీ ఫోన్‌లో ఆన్ఎక్స్ మ్యాప్ మీద ఎర్ర పిన్ను పెట్టాను. మూడు వారాంతాలు అయ్యేసరికి మ్యాప్ తట్టు వచ్చిన పిల్లాడి వీపులా తయారైంది. అన్ని పిన్నులూ ఒకే రకం చోట్లలో ఉన్నాయి: గట్టు మీది చదును దారి, పాత గ్యాస్ బావులకు వేసిన రోడ్డు, వాగు పక్క సులువుగా నడిచే పట్టీ. మనిషి ఎటు కాలు సాగితే అటు వెళ్తాడు, అంతే. మిగిలిన తెల్ల ఖాళీలు చాలా తక్కువ. అవే నా వేట స్థలాలు అయ్యాయి.

ఇక్కడ ఒక అపోహ చాలామందికి ఉంది, యూట్యూబ్ దాన్ని ఇంకా పెంచింది: మూడు మైళ్ళు లోపలికి నడిస్తే చాలు అని. వేన్‌లో మూడు మైళ్ళు ఒకే దిక్కుకు నడిస్తే ఎవరిదో పెరట్లో తేలుతారు. దాదాపు 2 లక్షల 40 వేల ఎకరాల అడవి అని పేరే కానీ, ఏథెన్స్, మారియెట్టా, ఐరన్‌టన్ దగ్గర మూడు ముక్కలుగా ఉంది. ఆ ముక్కల్లో కూడా మధ్య మధ్య ప్రైవేటు భూములు, అతుకుల బొంతలాగా. దూరం లెక్క కాదు, మనుషులు పోని చోటు లెక్క. నేను కొట్టిన జింకల్లో పెద్దది రోడ్డుకు 150 గజాల్లో దొరికింది. పార్కింగ్‌లో కారు ఆపి అందరూ గేటు వైపు నడుస్తారు. రోడ్డుకు అవతలి వైపు ఆటమ్ ఆలివ్ పొదలు, ముళ్ళ గులాబీ తుప్పలు, లోపల ఏముందో కూడా కనపడదు. పాత బొగ్గు గనుల భూముల్లో ఈ తుప్పలు విపరీతం. ఒకసారి మధ్యాహ్నం టైర్ మార్చుకుంటూ ఉంటే ఆ పొదల్లోంచి తెల్లతోక ఎగరేసుకుంటూ ఒక జింక లేచి పోయింది. పొద్దున్నుంచి మా అందరి కార్లనూ చూస్తూ అక్కడే పడుకుని ఉంది!

కాబట్టి మీ 11 రోజుల్లో అసలు తప్పు ఒకే చోట 11 రోజులు కూర్చోవడం. ఏ చోటైనా మొదటిసారి కూర్చున్న రోజే మంచి రోజు. మీరు నడిచొచ్చిన దారిలో మీ వాసన గంటల తరబడి నిలిచి ఉంటుంది. మీరు వెళ్ళాక రాత్రి అటు వచ్చిన ప్రతి జింకా దాన్ని చదువుకుని పోతుంది. మూడో రోజుకు ఆ చోటు అయిపోయినట్టే. నేను ఇప్పుడు సీజన్‌కు 15 రోజులు వెళ్తే కనీసం 10 వేర్వేరు చెట్లు ఎక్కుతాను. శాడిల్‌తో (స్టాండ్ బదులు చెట్టుకు వేలాడుతూ కూర్చునే పట్టీ) ఎక్కుతాను కాబట్టి బరువు తక్కువ. మీ స్టాండ్ బరువెక్కువైతే చోటు మార్చడానికి బద్ధకం వేస్తుంది, అది మానవ సహజం. కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

వాసన గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ కొండల్లో గాలి మీ ఫోన్‌లోని వాతావరణం యాప్ చెప్పినట్టు నడవదు. యాప్ పడమటి గాలి అంటుంది. లోయలో కూర్చుంటే గాలి మీ మెడ మీద నుంచి వచ్చి మోకాళ్ళ దగ్గర వెనక్కు తిరుగుతుంది. పొద్దున ఎండ వాలు మీద పడ్డాక వెచ్చబడిన గాలి పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడిన గాలి నీళ్ళలాగా కిందకు జారి వాగుల వెంట పోతుంది. అందుకే పొద్దున వాలుకు పైభాగంలో కూర్చుంటే జింక కింద నుంచి వచ్చినా మీ వాసన దానికి అందదు. సాయంత్రం అదే చోట కూర్చుంటే మీ చెమట వాసన కొండ దిగి దాని ముక్కు దాకా పోతుంది. మా ఊళ్ళో వేటకుక్కలున్న వాళ్ళు పిడికెడు దుమ్ము ఎగరేసి గాలి చూసేవాళ్ళు. ఇక్కడ అందరూ చిన్న సీసాలో పొడి కొడతారు. నేను మాత్రం మిల్క్‌వీడ్ కాయలు కోసుకుని జేబులో పెట్టుకుంటాను. అది మన జిల్లేడు కుటుంబంలోదే, కాయ పగిలితే అదే దూది. ఒక్క పోగు వదిలితే 60, 70 గజాల దాకా గాలి ఎటు పోతోందో కళ్ళకు కడుతుంది. ఒకసారి నా ముందు వదిలిన పోగు నలభై గజాలు ముందుకు పోయి, మెల్లగా లేచి, తిరిగి నా తల మీదుగా వెనక్కు వచ్చింది. సామాను సర్దుకుని దిగిపోయాను. ఆ రోజు ఇంకా గంటన్నర వెలుగు ఉంది. అయినా దిగడమే మంచిదైంది, ఆ చోటు పాడవకుండా మిగిలింది.

సీజన్ పొడుగునా ఒకే పద్ధతి పనికిరాదు. ఇక్కడ విల్లు సీజన్ సెప్టెంబరు చివరి శనివారం మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. నాలుగు నెలల పైన. మొదట్లో తిండి మీద దృష్టి పెట్టండి. తెల్ల ఓక్ కాయలు రాలే రోజుల్లో జింకకు ఇంకేదీ పట్టదు, ఎందుకంటే వాటిలో వగరు తక్కువ. ఎర్ర ఓక్ కాయలు వగరు, అవి ఆఖర్న తింటాయి. తెలుసుకోవడం సులువు: తెల్ల ఓక్ ఆకు అంచులు గుండ్రంగా ఉంటాయి, ఎర్ర ఓక్ ఆకు కొసలు ముళ్ళలా సూదిగా ఉంటాయి. అడవిలో వెయ్యి ఓక్ చెట్లుంటాయి. కావలసింది ఈ వారం కాయలు రాలుస్తున్న ఒక చెట్టు. దాని కింద తాజా, తడి మెరిసే పెంట ఉంటే ఆ రోజే అక్కడ కూర్చోండి, రేపటికి వాయిదా వేయకండి. అక్టోబరు మధ్యలో జింకలు మాయమైపోయాయని అందరూ అంటారు. పోలేదు. పొలం అంచు వదిలి ఓక్ చెట్ల కిందకు చేరాయి, అంతే.

నవంబరు వేరే లోకం. ఎదకాలం. ఒహాయోలో నెల మధ్యకు మంచి పట్టులో ఉంటుంది. మగ జింకలు పగలు కూడా ఆడ జింకల వెంట తిరుగుతాయి, మామూలు జాగ్రత్త సగం మర్చిపోతాయి. ఆ పది పన్నెండు రోజులకే మీ సెలవులన్నీ దాచుకోండి. అప్పుడు గీకిన మచ్చల దగ్గర కూర్చోవద్దు. రెండు గట్ల మధ్య కనుమలాంటి పల్లపు చోటు, లేదా నిటారు వాలుకు అడ్డంగా మెట్టులా ఉన్న సన్నటి చదును చూసుకోండి. జింక కూడా మనలాగే కష్టపడి ఎక్కడానికి ఇష్టపడదు, దాటాల్సి వస్తే అలాంటి చోటే దాటుతుంది. మధ్యాహ్నం పదకొండు నుంచి ఒంటిగంట మధ్య అందరూ దిగి శాండ్‌విచ్ కోసం కారు దగ్గరికి పోతారు. వాళ్ళ అడుగుల చప్పుడుకు పడుకున్న జింకలు లేచి కదులుతాయి. నేను పులిహోర పొట్లం కట్టుకుని రోజంతా చెట్టు మీదే ఉంటాను. (ఇంగువ వాసనకు జింక పారిపోతుందేమో అని మా ఆవిడ అడిగింది. మనిషి వాసన అందే చోట ఇంగువ వాసన అదనంగా చేసే చెడ్డ ఏముంటుంది!)

డిసెంబరు తుపాకీ వారంలోనూ, ఏ తుపాకీ సీజన్ నడిచే రోజుల్లోనైనా, విల్లు పట్టుకున్నా సరే నారింజ రంగు జాకెట్ తప్పనిసరి. ఎదకాలం అయిపోయి, తుపాకుల మోత విన్న జింకలు మళ్ళీ తిండికీ, ముళ్ళ తుప్పలకీ పరిమితం అవుతాయి. జింకకు నారింజ రంగు మనకు కనిపించినంత గాఢంగా కనపడదు, కాబట్టి ఆ రంగు వల్ల నష్టమేమీ లేదు. నీలం బాగా కనపడుతుంది. జీన్స్ ప్యాంటు మీద కామో షర్టు వేసుకొచ్చే వాళ్ళను చూసి నవ్వుకుంటూ ఉంటాను.

40 గజాల ప్రశ్నకు నా జవాబు: వద్దు. మీ చేయి మంచిదే, సందేహం లేదు. సమస్య జింకతో. మీ బాణం సెకనుకు 280 అడుగులు పోతుందనుకోండి. 40 గజాలంటే 120 అడుగులు, అంటే 0.43 సెకను. నారి చప్పుడు మాత్రం 0.11 సెకనులోనే దాని చెవిలో పడుతుంది. మధ్యలో దాదాపు మూడో వంతు సెకను దాని చేతిలో ఉంది. దూకడానికి ముందు కాళ్ళు ముడుచుకుని ఒళ్ళు కిందకు దించుతుంది. మీరు గురిపెట్టిన ఊపిరితిత్తుల చోట బాణం వచ్చేసరికి వెన్నెముక ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు. 20 గజాల్లో ఆ వ్యవధి సగానికి పడిపోతుంది. టార్గెట్ బస్తా కిందకు వంగదు, అదీ తేడా. నేను 25 గజాలు దాటితే విల్లు ఎత్తను. జింక పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి, లేదా కాస్త అటు తిరిగి వెళ్తూ ఉండాలి. ఎదురుగా నా వైపు చూస్తున్న జింకను 12 ఏళ్ళలో ఒక్కసారి కూడా కొట్టలేదు. ఇక్కడి నియమం ప్రకారం విల్లు లాగే బరువు కనీసం 40 పౌండ్లు, బ్రాడ్‌హెడ్ (బాణం అలుగు) వెడల్పు కనీసం ముప్పావు అంగుళం ఉండాలి. మరీ పెద్ద బరువు లాగలేక చేతులు వణికే కంటే, 50 పౌండ్లు హాయిగా లాగి, పదునైన అలుగు పెట్టుకోవడం మేలు. చలిలో మూడు గంటలు కదలకుండా కూర్చుని, ఆ తర్వాత లాగి చూడండి. ఇంటి వెనక లాగినట్టు ఉండదు.

కొట్టిన తర్వాత మొదలయ్యేదే అసలు పని. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా తప్పు ఇక్కడే జరిగింది.

నాలుగో సీజన్, నవంబరు మొదటి వారం సాయంత్రం. 30 గజాల్లో ఆడ జింక. పైన చెప్పినవన్నీ తెలిసి కూడా కొట్టాను, ఎందుకంటే ఆ ఏడు ఇంకా ఏమీ దొరకలేదు. బాణం తగిలిన చప్పుడు వినిపించింది. అది వీపు గూనిలా వంచి, పరిగెత్తకుండా, నెమ్మదిగా నడుచుకుంటూ పొదల్లోకి పోయింది. ఆ గూని చూడగానే పేగుల్లో తగిలిందని అర్థం కావాలి. నాకు కాలేదు. 20 నిమిషాల్లో దిగిపోయాను. బాణం దొరికింది, మీద పచ్చగా గోధుమరంగు మరక, ముక్కు దగ్గర పెడితే దుర్వాసన. అప్పుడైనా ఆగాలి. టార్చ్ పట్టుకుని వెంటపడ్డాను. 80 గజాల్లో పడుకుని ఉన్నది లేచి పరుగెత్తింది. ఆ తర్వాత ఒక్క బొట్టు రక్తం లేదు. ప్రైవేటు భూమి సరిహద్దు దగ్గర జాడ పోయింది.

ఒహాయోలో ప్రైవేటు భూమిలో వేటాడాలంటే యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, గాయపడిన జింక అటు పోయినా అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. మర్నాడు పొద్దున ఆ ఇంటి తలుపు తట్టాను. ట్రెయిలర్ ఇంట్లో ఉండే పెద్దాయన. నా మొహం, నా యాస చూసి ఏమంటాడో అని భయపడ్డాను. ఆయన కాఫీ పోసి, నా కాగితం మీద సంతకం పెట్టి, తనే బూట్లు వేసుకుని నాతో వచ్చాడు. రెండు గంటలు వెతికి వాగు పక్కన చూశాం. కయోటీలు (తోడేలు జాతి చిన్న జంతువులు) రాత్రే సగం పైన తినేశాయి. ఆయన ఒక మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మీకు నా చేదు అనుభవం లేకుండా పాఠం మాత్రం ఇస్తాను. జింక పరుగెత్తిన తీరు, బాణం మీద రక్తం, ఈ రెంటినీ చూసి ఎంత ఆగాలో నిర్ణయించుకోవాలి. గులాబీ రంగు రక్తంలో చిన్న బుడగలుంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్ళండి, సాధారణంగా 100 గజాల్లోపే పడి ఉంటుంది. బుడగలు లేకుండా ముదురు ఎరుపు అయితే కార్జం, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. పచ్చ మరక, దుర్వాసన అయితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. సాయంత్రం కొడితే పొద్దున దాకా అన్నమాట. ఏదీ తేల్చుకోలేకపోతే ఎక్కువ వైపే మొగ్గండి. చెట్టు దిగే ముందు చివరిసారి జింక కనిపించిన చోటును ఏదో చెట్టుతో గుర్తుపెట్టుకోండి. కిందకు దిగాక అన్నీ ఒకేలా కనపడతాయి. జాడ పోతే పట్టీ కట్టిన కుక్కతో వెతకడానికి ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. అలాంటి కుక్కలున్న వాళ్ళ నంబర్లు సీజన్‌కు ముందే ఫోన్‌లో పెట్టుకోండి, ఆ సమయానికి వెతుక్కోవద్దు.

చెట్టు ఎక్కడం గురించి రెండు మాటలు. మన పొలాల్లో మంచె అంటే నాలుగు గుంజలు, పైన గడ్డి. ఇక్కడ 20 అడుగుల ఎత్తులో, చీకట్లో, మంచు పట్టిన ఇనుప మెట్ల మీద ఒంటరిగా ఉంటారు. నేల మీద కాలు తీసిన క్షణం నుంచి మళ్ళీ నేల తాకే దాకా ఒళ్ళంతా పట్టే హార్నెస్ చెట్టుకు కట్టే ఉండాలి. ఎక్కి కూర్చున్నాక కట్టుకుంటాననడం పనికిరాదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే ఎక్కువగా పడతారు. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కవద్దు, తాడుతో తర్వాత లాక్కోండి. చెట్టుకు మేకులూ, స్క్రూలూ దిగగొట్టడం పబ్లిక్ ల్యాండ్‌లో కుదరదు. ఆ లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి, ఎక్కే చెట్టు పిన్నును కారు దగ్గరే ఇంట్లోవాళ్ళకు పంపి, ఏ టైముకు బయటకు వస్తారో చెప్పి వెళ్ళండి. నేను ఒకసారి చెప్పిన టైముకు గంటన్నర లేటయ్యాను. మా ఆవిడ అప్పటికే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. తప్పు నాదే.

మంచి బాణం పడి జింక దొరికితే, అక్కడికక్కడే కాగితం మీద మీ పేరు, తేదీ, టైము, కౌంటీ రాసి ట్యాగ్ కట్టండి. మర్నాడు మధ్యాహ్నం 12లోగా హంట్‌ఫిష్ ఓహెచ్ యాప్‌లోనో, ఫోన్‌లోనో గేమ్ చెక్ (కొట్టిన జింకను నమోదు) చేయాలి. అక్కడ ఇచ్చే 18 అంకెల నంబరు ట్యాగ్ మీద రాయాలి. కొమ్ములున్న జింక ఏడాదికి ఒక్కటే, రాష్ట్రం మొత్తానికి. కొమ్ములు లేనివి ఎన్ని అనేది కౌంటీని బట్టి ఉంటుంది, ఏటా మారుతుంది, చూసుకోండి. మాంసం అమ్మడం నేరం. ఇచ్చిపుచ్చుకోవడంలో తప్పేం లేదు.

బయటకు లాగడానికి పిల్లలు మంచులో జారే ప్లాస్టిక్ స్లెడ్ చాలు. కానీ లాగే ముందు పేగులు తీసేయండి. నవంబరులో కూడా పగలు వెచ్చగా ఉంటే మాంసం ముందు తొడ కీలు దగ్గరే చెడుతుంది, అక్కడ ఒక ఐస్ సంచీ పెట్టండి. కొవ్వు మొత్తం తీసి పారేయండి. మేక కొవ్వులా రుచిగా ఉండదు, కొవ్వొత్తిలా నాలుకకు అంటుకుంటుంది. జింక మాంసం నీచు వాసన అంటారే, అది చాలావరకు ఈ కొవ్వు, తెల్ల పొరల వాసనే. వెన్ను పక్కన ఉండే మెత్తటి కండను కూర చేయకండి, పాపం. పెనం మీద నెయ్యి, మిరియాలు వేసి, లోపల కాస్త ఎర్రగా ఉండగానే దించండి. మెడ, ముందుకాళ్ళు మాత్రం మన కుక్కర్ కోసమే పుట్టాయి. మటన్ కంటే నాలుగు విజిల్స్ ఎక్కువ పెట్టి, గోంగూరతో వండితే మా ఆఫీసులో ఒహాయోవాళ్ళు కూడా గిన్నె నాకారు. బాణం కాబట్టి మాంసంలో సీసం ముక్కలుంటాయన్న భయమూ లేదు.

అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చి ఫ్రీజర్ తెరిచినప్పుడు గుండె జారింది. మన దగ్గర, ఆంధ్రలో కృష్ణజింక రాష్ట్ర జంతువు, తెలంగాణలో మచ్చల జింక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటాడితే నేరుగా జైలే. ఇక్కడ పరిస్థితి వేరని చెప్పడానికి చాలా టైము పట్టింది. వందేళ్ళ క్రితం ఒహాయోలో అసలు జింకే లేకుండా పోయింది, మితం లేని వేట, నరికిన అడవి. తర్వాత మెల్లగా మళ్ళీ పెంచారు, 1943లో మూడు కౌంటీల్లో తిరిగి వేట మొదలుపెట్టారు. తోడేళ్ళూ, ప్యూమాలూ పోయాయి కాబట్టి ఇప్పుడు సంఖ్యను అదుపులో ఉంచేది ఎక్కువగా వేటగాళ్ళే. లైసెన్స్ డబ్బుతో పాటు, విల్లు, బాణాల మీద కట్టే ఫెడరల్ పన్ను కూడా అడవి జంతువుల సంరక్షణకే పోతుంది. అమ్మ ఇదంతా విని, "అయితే సరే, కానీ మీ నాన్నకు చెప్పకు" అంది.

మీకు ఈ సీజన్‌లో ఇంకా మూడు వారాలున్నాయి. మంచు పడితే వెళ్ళండి, మంచులో జాడ అబద్ధం చెప్పదు. పొద్దున కాదు, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి తిండి దొరికే చోటుకు, ముళ్ళ తుప్పలకు మధ్యలో కూర్చోండి. దొరికినా దొరకకపోయినా, ఫిబ్రవరి రెండో వారం నుంచి విల్లు లేకుండా నడవడం మొదలుపెట్టండి. ఎర్ర పిన్నులు పెట్టుకుంటూ పోండి. మార్చి ఆఖరుకల్లా అయిపోవాలి. ఆ తర్వాత ఆకులు మొలిచి ఏమీ కనపడదు, పిడుదులు కూడా ఎక్కువవుతాయి. బట్టలకు పెర్మెత్రిన్ (పిడుదుల మందు) కొట్టకుండా మాత్రం ఏ నెలలోనూ వెళ్ళకండి. లోన్ స్టార్ అనే రకం పిడుదు కుడితే కొందరికి మటన్, జింక మాంసం ముట్టుకోలేనంత ఎలర్జీ వస్తుంది.